పగలు జారి, రాత్రి బిగుసుకునే స్లైడు: ఒక పాత ట్రాంబోన్ మరమ్మతు

బరంపురంలో నేను నడిపే మరమ్మతు దుకాణానికి ట్రాంబోన్లు తక్కువగా వస్తాయి. ఊదుతూ, స్లైడు అనే పొడవాటి జారే గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపి స్వరం మార్చే ఇత్తడి వాయిద్యం అది. పెళ్లి బ్యాండ్లకు క్లారినెట్, ట్రంపెట్, యూఫోనియం ముఖ్యం. ట్రాంబోన్ ఉంటే అందం, లేకపోతే ఊరేగింపేమీ ఆగదు. అందుకే అది పాడైనా ఎవరూ తొందరపడి బాగుచేయించరు. మూలన పడేసి, ముహూర్తాలు దగ్గర పడ్డాక దుమ్ము దులిపి, చేతికందిన నూనె పోసి నడిపిస్తారు. ఈ కేసు అలా రకరకాల నూనెలు తాగిన ఒక ట్రాంబోన్‌ది.

యజమాని పర్లాకిమిడిలో బ్యాండు నడిపే మాస్టరు. వాయించేది ఆయన మేనల్లుడు. కోల్‌కతాలో సెకండ్ హ్యాండులో కొన్న వాయిద్యం అది. జపాన్ తయారీ, విద్యార్థుల స్థాయి టెనార్, బోరు (గొట్టం లోపలి వ్యాసం) 12.7 మి.మీ., బెల్ (గరాటులా విచ్చుకున్న చివరి భాగం) వ్యాసం 20 సెం.మీ. పైచిలుకు. అమ్మినవాడు బయటంతా తళతళలాడేలా పాలిష్ పెట్టి ఇచ్చాడు. పెట్టె మాత్రం ఇవ్వలేదు. గుడ్డ సంచిలో పెట్టుకుని బస్సు ఎక్కి తెచ్చారు.

మాస్టరు ఫిర్యాదును ఆయన మాటల్లోనే రాసుకున్నాను: "పగలు బాగానే నడుస్తుంది మేస్త్రి గారూ. రాత్రి ఊరేగింపులో పట్టేస్తుంది. పైగా మావాడు నాలుగో పొజిషన్ ఎప్పుడూ శ్రుతి తగ్గించే వాయిస్తాడు. వీడికి చెవి లేదేమోనని అనుమానం." కుర్రాడు పక్కనే తలదించుకుని నిలబడ్డాడు. పొజిషన్ అంటే ఒక్కో స్వరానికి స్లైడును జరిపి ఆపే చోటు. మూసి ఉన్నది మొదటిది, పూర్తిగా లాగినది ఏడోది.

ఈ ఫిర్యాదులో రెండు వేర్వేరు రోగాల లక్షణాలు కలిసిపోయి ఉన్నాయి. పగలుకూ రాత్రికీ ఉన్న తేడా వేడికీ చలికీ ఉన్న తేడా. కాబట్టి లోపల చలికి గడ్డకట్టే పదార్థం ఏదో ఉంది. కానీ చలి స్లైడు పొడవునా ఒకేలా పనిచేస్తుంది, ఏరికోరి నాలుగో పొజిషన్ దగ్గర పట్టుకోదు. ఒకే చోట తేడా వస్తోందంటే అక్కడ లోహంలోనే ఏదో జరిగింది. రోగం ఒకటే అనుకుని మొదలుపెడితే, కడగ్గానే కాస్త జారడం చూసి బాగైపోయిందని తిరిగి ఇచ్చేస్తాం. స్లైడు మరమ్మతుల్లో చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

స్లైడు నిర్మాణం

తర్వాత చెప్పేది అర్థం కావాలంటే నిర్మాణం కొంత తెలియాలి. రెండు లోపలి గొట్టాలు, వాటిమీద జారే రెండు బయటి గొట్టాలు. బయటివి రెండూ అడుగున యు ఆకారపు వంపుతో కలుస్తాయి. పైన ఒక అడ్డుకడ్డీ వాటిని పట్టి ఉంచుతుంది. వాయించేవాడు పట్టుకుని జరిపేది దాన్నే. లోపలి గొట్టాలకూ పైభాగంలో వేరే అడ్డుకడ్డీ ఉంటుంది. లోపలి గొట్టాల మీద క్రోమియం పూత. వాటి అడుగు కొస దగ్గర కొంత మేర గొట్టం రవ్వంత లావుగా ఉంటుంది. దాన్ని స్టాకింగ్ అంటారు. ఈ వాయిద్యానికి అది 12 సెం.మీ. ఉంది. బయటి గొట్టాన్ని తాకవలసింది ఆ భాగం మాత్రమే. పాత కాలపు ట్రాంబోన్లకు స్టాకింగ్ ఉండేది కాదు, గొట్టం పొడవునా రాసుకునేది. స్టాకింగ్‌కూ బయటి గొట్టానికీ మధ్య ఒక్కో పక్క మిల్లీమీటరులో పదో వంతు సందు కూడా ఉండదు. ఒక ఇసుక రేణువుకు అందులో చోటు లేదు.

పొజిషన్ల లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. టెనార్ ట్రాంబోన్ గొట్టం మొత్తం పొడవు 2.7 మీటర్ల దాకా ఉంటుంది. ఒక్కో పొజిషన్‌కు శ్రుతి ఒక అర్ధస్వరం దిగాలి. స్లైడుకు రెండు గొట్టాలు కాబట్టి ఒక సెంటీమీటరు లాగితే గాలి దారి రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ లెక్కన రెండో పొజిషన్ సుమారు 8 సెం.మీ. దగ్గర, మూడోది 16.5 దగ్గర, నాలుగోది 25.5 దగ్గర, ఏడోది 56 దగ్గర వస్తాయి. దూరాలు సమానంగా ఉండవు, కిందికి పోయేకొద్దీ పెరుగుతాయి. వాయిద్యాన్ని బట్టి, పెదవిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. బల్ల మీద మరమ్మతుకు ఈ లెక్క చాలు.

కడగక ముందు

స్లైడును నిలువుగా పట్టుకుని, అది జారిపోకుండా పట్టే తాళం తీస్తే బయటి గొట్టం తన బరువుకు తానే నిరాటంకంగా కిందికి జారాలి. కింద చెయ్యి పెట్టుకునే ఈ పరీక్ష చేయాలి, లేకపోతే వంపు నేలకు తగులుతుంది. మా దగ్గరికి వచ్చినప్పుడు ఇది అసలు కదల్లేదు. కుదిపితే జానెడు దిగి ఆగిపోయింది.

స్లైడు ఊడదీయగానే మక్కిన కొబ్బరినూనె వాసన గుప్పుమంది. కుర్రాణ్ని అడిగితే మొదట కొబ్బరినూనె, తర్వాత కుట్టుమిషన్ నూనె, ఒకసారి పెళ్లివారింట వంటవాళ్ల దగ్గర అడిగి తీసుకున్న ఆవనూనె వాడినట్టు చెప్పాడు. తప్పు పట్టడానికి లేదు, ఎవరూ అతనికి వేరే దారి చూపలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. మాఘమాసం రాత్రుల్లో ఇక్కడ చలి అంతకంటే బాగా కిందికి దిగుతుంది. మధ్యాహ్నం ఎండలో నూనెగా ఉన్నది అర్ధరాత్రి ఊరేగింపు వేళకు మైనం అవుతుంది. ఆవనూనె గాలి తగిలేకొద్దీ చిక్కబడి జిగురుగా మారుతుంది. ఈ రెండింటి మీదా బాణసంచా పొగ, రోడ్డు దుమ్ము కలిసి నల్లటి పేస్టు తయారైంది. మొదటి లక్షణానికి కారణం దొరికింది.

మౌత్‌పీస్ పెట్టే చోట లోపలి గొట్టంలో లైటు వేసి చూస్తే గోడలంతా ఎర్రగా, గరుకుగా ఉన్నాయి. కిళ్లీ వేసుకుని వాయించే అలవాటు బ్యాండువాళ్లలో ఉన్నదే. వక్క, కాచు, సున్నం ఉమ్మితో కలిసి గొట్టంలో పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఈ కుర్రాడికి ఆ అలవాటు లేదు. అది పాత యజమాని ఆస్తి.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. ఉమ్మి వదిలే మీట కింది బెండు ఎండి గట్టిపడింది. వంపు దగ్గర గాలి కారడం వల్ల కింది స్వరాలు పేలవంగా పలుకుతున్నాయి. స్లైడు పూర్తిగా మూసినప్పుడు ఒత్తిడి ఆపే మెత్తలు రెండు ఉండాలి, ఒకవైపుది లేదు. అందువల్ల మూసిన ప్రతిసారీ ఠక్కుమని ఒక పక్కకు ఒరిగి ఆగుతోంది. తాళం వదులుగా ఉంది. ఈ తాళం సంగతి మళ్లీ వస్తుంది.

ఈ దశలో నేను కొలతలు తీయను. మురికి మీద తీసిన కొలత మురికిదే అవుతుంది.

కడగడం

ముందు జిగురు కరగాలి. లోపలి గొట్టాల బయటి ముఖాన్ని కిరోసిన్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచాను. బయటి గొట్టాల్లోకి కొద్దిగా కిరోసిన్ పోసి, రెండు నోళ్లూ మూసి అటూ ఇటూ తిప్పి పారబోశాను. అది తారులా బయటికి వచ్చింది. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవ సబ్బు. నీళ్లు మరీ వేడిగా ఉంటే పైన వేసిన లక్క పూత లేస్తుంది. వంపులోకి తీగకు బిగించిన బ్రష్షు మాత్రమే వెళ్లాలి. నిటారు గొట్టాలకు కడ్డీ, దానికి చుట్టిన మల్లు గుడ్డ.

కడ్డీ వాడకంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది కాబట్టి ఇది కొంచెం విడమరిచి చెబుతాను. గుడ్డ కడ్డీ కొనను పూర్తిగా కప్పాలి. లోహం ఎక్కడా బయటపడకూడదు. గుడ్డ తోక ఎప్పుడూ గొట్టం బయట చేతిలో ఉండాలి. మందంగా చుట్టి బలవంతంగా తోస్తే మధ్యలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న గుడ్డను లాగబోయి గొట్టం వంచినవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ గొట్టంలో కడ్డీ ఉందో ఆ గొట్టాన్నే చేత్తో పట్టుకోవాలి. రెండో గొట్టాన్నో అడ్డుకడ్డీనో పట్టుకుని తోస్తే, తోసిన బలమంతా మెలిక అయి, రెండు గొట్టాల మధ్య సమాంతరాన్ని పాడుచేస్తుంది. శుభ్రం చేస్తూనే స్లైడును చెడగొట్టడం అంటే ఇదే.

సబ్బుకు లొంగని సున్నపు పొరకు నిమ్మ ఉప్పు వాడాను. పలుచటి ద్రావణం, వంపులోనూ మౌత్‌పీస్ గొట్టంలోనూ మాత్రమే, కొద్దిసేపు. బుడగలు తగ్గగానే పారబోసి, వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో ధారాళంగా మరోసారి కడిగాను. ఆమ్లాన్ని రాత్రంతా నానబెట్టేవాళ్లు ఉన్నారు. ఇత్తడి అంటే రాగి, జింకు. ఆమ్లం ఎక్కువసేపు ఉంటే జింకును లాగేస్తుంది, గులాబి రంగు రాగి గుల్లగా మిగులుతుంది. చివరి తడుపుకు ఫిల్టరు నీళ్లు వాడాను, ఎందుకంటే మా వీధి బోరు నీళ్లు ఆరితే మళ్లీ తెల్లటి పొర కడతాయి.

ఇక చింతపండు సంగతి. ముహూర్తాల ముందు బ్యాండువాళ్లు చింతపండు, ఇటుక పొడి, పాలిష్ పౌడర్లతో వాయిద్యాలు తోముతారు. లక్క పూత లేని బెల్‌కు చింతపండు రాసి వెంటనే కడిగేస్తే పెద్ద ప్రమాదం లేదు. స్లైడు దగ్గరికి మాత్రం పొడి అనేది ఏదీ రాకూడదు. పాలిష్ పొడి బయటి గొట్టం నోటి నుంచి లోపలికి చేరి, తడిలో కలిసి, క్రోమియాన్ని అరగదీస్తుంది. "కాస్త అరగదీస్తే సాఫీగా జారుతుంది" అని అరగదీసే పేస్టు పూసి స్లైడును లాగిలాగి వదులు చేసే మేస్త్రీలు కూడా ఉన్నారు. అది వైద్యమని నేను ఒప్పుకోను. సొట్ట అక్కడే ఉంటుంది, చుట్టూ ఉన్న మంచి లోహం పోతుంది, పోయిన లోహం తిరిగి రాదు.

సొట్ట ఎక్కడ

కడిగి ఆరబెట్టి, పలుచటి నూనె చుక్క వేసి చూస్తే స్లైడు చాలా తేలికైంది. చలికి బిగిసే సమస్య తీరిపోయింది. మాస్టరు అప్పుడే తీసుకెళ్లిపోతానన్నారు. నేను స్కేలు పక్కన పెట్టి మెల్లగా లాగి చూపించాను. 16 సెం.మీ. దాకా హాయిగా వచ్చింది. అక్కడ గట్టిపడింది. 28 సెం.మీ. దాటగానే ఒక్కసారిగా వదిలింది. మళ్లీ లాగినా అదే కొలత.

28 లోంచి 16 తీసేస్తే 12. సరిగ్గా స్టాకింగ్ పొడవు. సొట్ట బయటి గొట్టంలో ఒకే చోట ఉన్నప్పుడు ఇలాగే జరుగుతుంది. స్టాకింగ్ పై అంచు సొట్టను చేరగానే పట్టు మొదలవుతుంది, కింది అంచు దాన్ని దాటగానే వదులుతుంది. అంటే స్లైడు మూసి ఉన్నప్పుడు స్టాకింగ్ కింది అంచు ఉండే చోటు నుంచి 28 సెం.మీ. పైన సొట్ట ఉంది. ఈ లెక్క తెలిస్తే గొట్టమంతా వేలితో తడుముకునే పని తప్పుతుంది. పట్టు ఒక నిర్దిష్ట దూరం పాటు ఉండి వదిలితే సొట్ట. లాగేకొద్దీ లేదా మూసేకొద్దీ క్రమంగా పెరిగితే గొట్టాలు సమాంతరంగా లేవని అర్థం.

కుర్రాడి శ్రుతి రహస్యం కూడా ఇక్కడే విడిపోయింది. మూడో పొజిషన్ 16.5 దగ్గర, నాలుగోది 25.5 దగ్గర. మూడు నుంచి నాలుగుకు వెళ్లే దారి మొత్తం పట్టులోనే ఉంది. పాటలో ఆగే వీలు లేదు కాబట్టి అతను బలంగా తోస్తాడు. తోసిన ఊపుకు స్లైడు నాలుగును దాటి, 28 దగ్గర వదులైన చోటికి పోయి ఆగుతుంది. రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ. నాలుగు నుంచి ఐదుకు ఉన్న దూరం తొమ్మిదిన్నర సెంటీమీటర్లు కాబట్టి అది దాదాపు పావు అర్ధస్వరం. మాస్టరు చెవికి వినిపించింది నిజమే, కానీ లోపం మేనల్లుడి చెవిలో లేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన కుర్రాడి వైపు చూసి, "మరి ఇన్నాళ్లూ చెప్పవేమిరా" అన్నారు. "చెబితే తిడతారని" అన్నాడు అతను.

రెండు గొట్టాల్లో ఏది? స్లైడును పూర్తిగా ఊడదీసి, లోపలి గొట్టం ఒక్కదాన్నే దాని బయటి గొట్టంలో పెట్టి, రెండోది పక్కకు తిప్పి బయట ఉంచి జరపాలి. మౌత్‌పీస్ వైపుది మొదటి నుంచి చివరి దాకా నీటిలా జారింది. బెల్ వైపుది 16 దగ్గర పట్టింది. ఆ గొట్టాన్ని ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పితే లోహం మీద లైటు గీత నిటారుగా పారుతూ ఒకచోట వణికింది. మామూలు చూపుకు కనిపించదు, వేలికి అందదు. కానీ సందే అంత తక్కువ కాబట్టి ఆ సొట్ట చాలు.

సరిచేయడానికి బయటి గొట్టం లోపలి వ్యాసం కంటే వెంట్రుకవాసి సన్నగా ఉండే, నునుపు చేసిన ఉక్కు కడ్డీ కావాలి. దాన్ని బల్లకు ఉన్న వైస్‌లో అడ్డంగా బిగించి, గొట్టాన్ని పై నోటి వైపు నుంచి దానిమీదికి ఎక్కించాను. ఎక్కించే ముందు కడ్డీనీ గొట్టాన్నీ మళ్లీ తుడవాలి. అక్కడ ఒక్క రేణువు ఉన్నా సుత్తి దెబ్బకు అది లోహంలో దిగి కొత్త బొడిపె అవుతుంది. సొట్ట చుట్టూ చిన్న నునుపు సుత్తితో తేలిక దెబ్బలు, ప్రతి కొన్ని దెబ్బలకూ తీసి లోపలి గొట్టంతో పరీక్ష. లోపలి నుంచి బలంగా తోసి సొట్ట లేపడం దగ్గరి దారిలా కనిపిస్తుంది గానీ పలుచటి గొట్టం దానికి ఆగదు.

అడ్డుకడ్డీ కింద

ఇప్పుడు ఒక్కొక్క గొట్టం విడిగా జారుతోంది. రెండూ కలిపి పెడితే మాత్రం మూసేకొద్దీ బిగుస్తోంది. విడివిడిగా మంచివి, కలిస్తే చెడ్డవి అయితే తప్పు గొట్టాలది కాదు, వాటిని కలిపి ఉంచే చోటుది.

లోపలి గొట్టాల మధ్య దూరం వెర్నియర్ కొలత పరికరంతో పైనా కిందా కొలిచాను, సమానం. పాత దుకాణం కౌంటరు నుంచి తెచ్చుకున్న మందపాటి అద్దం నా సమతలం. దానిమీద పడుకోబెట్టి నాలుగు మూలలా పలుచటి కాగితం దూర్చి చూశాను, మెలిక లేదు. బయటి గొట్టాల దగ్గర తేడా దొరికింది. అడుగున వంపు దగ్గర కంటే పైన అడ్డుకడ్డీ దగ్గర దూరం ఒక మిల్లీమీటరు ఎక్కువ. సందు మిల్లీమీటరులో పదో వంతు లేని చోట ఇది చాలా పెద్ద తేడా. మూసేకొద్దీ ఎందుకు బిగుస్తుందంటే, బయటి గొట్టాల పై నోరు లోపలి గొట్టాల అడ్డుకడ్డీ దగ్గరికి చేరుతుంది. స్లైడు కిందికి లాగి ఉన్నప్పుడు గొట్టం రవ్వంత వంగి సర్దుకుంటుంది, బిగింపు దగ్గర ఆ వీలు ఉండదు.

అడ్డుకడ్డీ పాదం చుట్టూ టంకం ముద్దగా ఉంది, దాని అంచున పచ్చటి చిలుము. గట్టిగా అడిగితే కథ బయటికి వచ్చింది. ఒక ఊరేగింపులో తాళం జారి బయటి స్లైడు మొత్తం రోడ్డు మీద పడింది. అడ్డుకడ్డీ ఊడింది. బిందెలకు మాట్లు వేసే ఆయన చేత అప్పటికప్పుడు అతికించారు. ఆయన పని ఆయన చక్కగానే చేశాడు, బిందె అయితే ఇంకో తరం వచ్చేది. కానీ పాత టంకం గీకకుండా దానిమీదే కొత్తది పోయడంతో పాదం ఎత్తులో కూర్చుంది. గొట్టాన్ని ఎడంగా నెట్టి, ఆ ఒత్తిడిలోనే అతుకు పడింది.

పైగా టంకం అంటుకోవడానికి ఆయన వాడింది నవసాగరం. అంటే అమ్మోనియం క్లోరైడు. అతుకు పడ్డాక పూర్తిగా కడగకపోతే అది ఇత్తడిని తింటూనే ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న ఇత్తడికి అమ్మోనియా ఎంత ప్రమాదమో మన దేశంలోనే తేలింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపు శాలల్లో దాచిన తూటాల ఇత్తడి గుల్లలు ఎవరూ ముట్టుకోకుండానే నెర్రెలు విచ్చేవి. తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడికి గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడవడమే కారణమని 1921లో వెలువడిన పరిశోధన తేల్చింది. మా తీరంలోనూ వానాకాలం తేమకు కొదవ లేదు. ఒత్తిడితో అతికిన అడ్డుకడ్డీ, దాని కింద నవసాగరం, ఇలాగే ఇంకొన్నేళ్లు వదిలేస్తే గొట్టం పాదం పక్కన పగిలినా నేను ఆశ్చర్యపోను.

చుట్టూ తడిగుడ్డ కప్పి, చిన్న మంటతో పాదాన్ని వేడి చేశాను. టంకం కరగగానే గొట్టం తనంతట తానే లోపలికి జరిగింది. ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు. పాత టంకం అంతా గీకి, చిలుము కడిగి, పాదం నేరుగా లోహం మీద కూర్చునేలా చేశాను. లోపలి గొట్టాల దూరానికి సరిపడా కోసిన చెక్కముక్కను మధ్యలో పెట్టి, పాదం ఎక్కడా నొక్కకుండా, లాగకుండా తన చోట తాను ఆనుకున్నాకే టంకం పెట్టాను. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న రకం 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి లక్క పూతకు నష్టం తక్కువ. నవసాగరం బదులు రోజను వాడాను. సీసం ఉన్న పని కాబట్టి కిటికీలు తెరిచి, చేతులు కడుక్కున్నాకే టీ.

ఆ తర్వాత నిలువు పరీక్షలో బయటి స్లైడు పైనుంచి కింది దాకా ఒక్క చప్పుడు లేకుండా దిగింది. రెండు మెత్తలూ, ఉమ్మి మీట బెండూ మార్చాను, తాళం బిగించాను. గొట్టాల పై నోళ్లు వేళ్లతో మూసి బయటి స్లైడును కాస్త లాగి వదిలితే, లోపలి గాలి పట్టుకు వెనక్కి వచ్చింది. గాలి కారడం లేదు.

వదిలేసినవి

రెండు లోపాలు తెలిసే వదిలేశాను, రసీదు మీద రాసి మరీ ఇచ్చాను. ఒకటి, బెల్ వైపు స్టాకింగ్ మీద గోరంత మేర క్రోమియం పోయి కింది లోహం కనిపిస్తోంది. సొట్ట మీద ఇన్నాళ్లూ రాసుకున్నది అక్కడే. మళ్లీ పూత వేయాలంటే మందం మిల్లీమీటరులో వందో వంతుల్లో కుదరాలి, మా ఊళ్లో బండి భాగాలకు వేసే పూత దీనికి పనికిరాదు. రెండోది, వంపు అడుగున గులాబి చుక్కలు కొన్ని. జింకు పోయిన గుర్తులు. ఉమ్మి నిలిచే చోటు అదే. ఇంకా చిల్లు పడలేదు, నొక్కితే గట్టిగానే ఉంది. మాట్లు వేయడానికి తొందర లేదు.

పాతది కొనబోయేవాళ్లు బెల్ మెరుపు చూడకండి. స్లైడు ఊడదీయమనండి. అమ్మేవాడు వద్దంటే అక్కడితో బేరం ఆపేయండి. స్టాకింగ్‌ల మీద పసుపు లేదా రాగి రంగు మచ్చలు ఉన్నాయా, వంపు మీద గులాబి చుక్కలు ఉన్నాయా, అడ్డుకడ్డీ పాదాల చుట్టూ టంకం ముద్దలు ఉన్నాయా చూడండి. ఒక్కో గొట్టాన్నీ విడిగా జరిపి చూడండి. బెల్ మీద సొట్టలు చూసి భయపడనక్కర్లేదు, అవి ధర తగ్గించడానికి పనికొస్తాయి. మౌత్‌పీస్ ఇరుక్కుని ఉంటే పట్టకారుతో తిప్పనివ్వకండి, దాన్ని తీసే సాధనం వేరే ఉంది.

నూనె ఆఖర్న

అందరూ మొదట అడిగే ప్రశ్న నేను చివర్లో చెబుతున్నాను, ఎందుకంటే స్లైడు సరిగా ఉన్నాక ఏది వాడాలన్నది చిన్న విషయం, సరిగా లేనప్పుడు ఏది వాడినా వృథా. చేతి స్లైడుకు వంటనూనెలు, మిషన్ నూనె, వాసెలిన్ వద్దు. ట్రాంబోన్ స్లైడుకనే ఒకే సీసాలో వచ్చే తెల్లటి క్రీము ద్రవం దొరుకుతుంది. దాన్ని స్టాకింగ్‌ల మీద మాత్రమే నాలుగైదు చుక్కలు వేసి, కొన్నిసార్లు జరిపి, మిగిలింది తుడిచేయాలి. తర్వాత పైనుంచి నీళ్లు తుంపర కొట్టాలి. అసలు జారుడు పని చేసేది ఆ నీటి తుంపరే, క్రీము దాన్ని బొట్లు బొట్లుగా పట్టి ఉంచుతుంది. ఇదివరకు ముఖానికి రాసే కోల్డు క్రీమునే పలుచగా రాసి నీళ్లు చల్లేవారు, అత్యవసరానికి అది ఇప్పటికీ పనిచేస్తుంది. బెల్ వైపు ఉండే శ్రుతి స్లైడుకు మాత్రం చిక్కటి గ్రీజు కావాలి. అది జారిపోకుండా నిలవాలి కదా.

కుర్రాడికి చెప్పింది తక్కువే. వాయించాక నీళ్లు వదిలేసి, స్లైడు తుడిచి పెట్టాలి. జేబులో తుంపర సీసా ఉండాలి, వైశాఖంలో తరచుగా కొట్టాలి. నెలకోసారి గోరువెచ్చని నీళ్లూ సబ్బూ. ఊరేగింపులో ఆగినప్పుడు తాళం మీద నమ్మకం పెట్టుకోకుండా చెయ్యి స్లైడు మీదే ఉంచాలి. పెట్టె కొనమని మాస్టరుకు చెప్పాను. గుడ్డ సంచిలో బస్సు పైకప్పు మీద ప్రయాణం చేస్తే ఇలాంటి సొట్ట మళ్లీ పడుతుంది. ఆయన పెట్టె ధర విని మొహం చిట్లించారు గానీ వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి, లోపల పాత దుప్పటి పరిపించారు. అది చాలు.

ముహూర్తాలు ముగిశాక తిరిగి తెచ్చి చూపించారు. స్లైడు బాగుంది. మొదట్లో వచ్చిన ఇబ్బంది నేను ఊహించనిది: కుర్రాడి చెయ్యి పాత పట్టుకు అలవాటు పడి బలంగా తోయడంతో నాలుగుకు బదులు ఐదు దగ్గర తేలేవాడట. ఆ అలవాటు వదలడానికి కొంతకాలం పట్టింది, ఇప్పుడు శ్రుతి నిలుస్తోందని మాస్టరే చెప్పారు. క్రోమియం మచ్చ పెరగలేదు. దాని ఆకారాన్ని పలుచటి కాగితం మీద అచ్చు తీసి రసీదుకు అంటించి ఉంచాను, వానలు వెళ్లాక మళ్లీ పక్కన పెట్టి చూస్తాను. పెరిగితే లోపలి గొట్టాల భాగం మొత్తం మార్చాలి. అదే కొలత ఉన్న పాత స్లైడు దొరికితే పక్కన పెట్టమని కోల్‌కతాలో తెలిసినవారికి ఇప్పటికే చెప్పాను.